ఐదు గేర్ల బాక్సు కొనేముందు

చి. అమ్ములుకి మావయ్య ఆశీస్సులు.

1972 నాటి డాట్సన్ 240జెడ్ కారు కొన్నావనీ, రెండో గేరు వేస్తుంటే గరగరలాడుతోందనీ రాశావు. గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి రింగు, అదే సింక్రో రింగు, అరిగి ఉంటుంది. రింగులు మార్చి పాత బాక్సునే బిగించుకోవచ్చు. కానీ ఎలాగూ కిందికి దించాలి, పైగా నువ్వు రోజూ ఫ్రీవే మీద పోయేదానివి. ఐదు గేర్లది వేద్దామన్న నీ ఆలోచన నాకు బాగా నచ్చింది.

అయితే గేర్‌బాక్సు ఒక్కదాన్నే చూసి కొనకు తల్లీ. గేర్‌బాక్సు నుంచి వచ్చే తిప్పుడుని వెనక చక్రాలకి పంచే డిఫరెన్షియల్‌తో కలిపి లెక్క వేసి కొను. ఈ ఒక్క పని చెయ్యకుండా డబ్బు పోసి, తర్వాత బండి లాగడం లేదని బాధపడేవాళ్ళు చాలామంది.

అమెరికాలో అమ్మిన నాలుగు గేర్ల 240జెడ్‌కి డిఫరెన్షియల్ నిష్పత్తి 3.36, అంటే చక్రాలు ఒక చుట్టు తిరగాలంటే డ్రైవ్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వెనక్కి పోయే కడ్డీ) 3.36 చుట్లు తిరగాలి. నీ బాక్సులో మొదటి గేరు నిష్పత్తి 3.592. రెండూ గుణిస్తే 12 పైచిలుకు, మొదటి గేరులో చక్రం ఒక చుట్టుకి ఇంజను అన్ని చుట్లు తిరుగుతుందన్నమాట; ఈ అంకె పెద్దదైతే బండి సులువుగా కదులుతుంది. పై గేరులో డెబ్బై మైళ్ళ వేగంలో ఇంజను సుమారు 3200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తిరుగుతుంది.

నీకు దొరికే ఐదు గేర్ల బాక్సులు ముఖ్యంగా రెండు రకాలు. నీ బండి తర్వాతి మోడల్, 1977, 78 నాటి 280జెడ్‌ది ఒకటి: మొదటి గేరు 3.321, ఐదోది 0.864. 1981 నుంచి 83 దాకా దాని తర్వాతి మోడల్ 280జెడ్‌ఎక్స్‌లో వచ్చింది ఇంకొకటి: మొదటిది 3.062, ఐదోది 0.745. అందరూ రెండోదే తెచ్చుకోమంటారు. దాని రెండో, మూడో గేర్ల మధ్య ఎడం తక్కువ. 5500 దగ్గర మూడోదానికి మారిస్తే ఇంజను 3900 దాకానే దిగుతుంది, మొదటి రకంలో 3500కి జారుతుంది. కొండదారుల్లో ఈ తేడా హాయిగా ఉంటుంది, కాదనను.

కానీ ఆ బాక్సుని నీ 3.36 మీద పెట్టి చూడు. మొదటి గేరు మొత్తం 10.3కి పడిపోతుంది. సిగ్నల్ దగ్గర కదిలిన ప్రతిసారీ క్లచ్ నలుగుతుంది. ఐదో గేరులో డెబ్బై మైళ్ళకి ఇంజను 2400 దగ్గర నీరసంగా తిరుగుతుంది. 2.4 లీటర్ల ఇంజనుకి అక్కడ బలం చాలదు, చిన్న ఎత్తు వచ్చినా నాలుగోకి దించాల్సిందే. అదే బాక్సుకి 3.90 డిఫరెన్షియల్ జత చేస్తే మొదటి గేరు మళ్ళీ 12 దగ్గరికి వస్తుంది, అంటే కంపెనీ ఇచ్చినట్టే. ఫ్రీవే మీద మాత్రం 2770. ఇంతకన్నా మంచి జోడీ నేను చూడలేదు.

కాబట్టి డిఫరెన్షియల్ జోలికి పోననుకుంటే 1977 నాటిదే తీసుకో. 3.36తో అది కూడా ఫ్రీవే మీద 2770 దగ్గరే తిరుగుతుంది. డిఫరెన్షియల్ కూడా మార్చే ఓపిక, డబ్బు ఉంటేనే జెడ్‌ఎక్స్ బాక్సు. టర్బో 280జెడ్‌ఎక్స్‌కి వచ్చిన బోర్గ్ వార్నర్ టీ5 గేర్‌బాక్సు గురించి అడిగావు. ఇంజను శక్తి బాగా పెంచితే తప్ప అది వద్దు, మౌంటు దగ్గర్నుంచి డ్రైవ్ షాఫ్ట్ దాకా అన్నీ మార్చాలి.

అమ్మేవాడు చెప్పిన సంవత్సరం నమ్మకు. బాక్సుని మొదటి గేరులో వేసి, షాఫ్టులకి సుద్దతో గుర్తు పెట్టి చేత్తో తిప్పు. వెనక షాఫ్టు మూడు చుట్లు తిరిగేసరికి ముందుది తొమ్మిది దాటి కొద్దిగా తిరిగితే జెడ్‌ఎక్స్‌ది. దాదాపు పది తిరిగితే మొదటి రకం. నీ డిఫరెన్షియల్ కూడా లెక్కపెట్టు: వెనక చక్రాలు రెండూ పైకెత్తి, రెండింటినీ కలిపి ఒక్క చుట్టు తిప్పితే డ్రైవ్ షాఫ్ట్ ఎన్ని తిరిగిందో చూడు. యాభై ఏళ్ళ బండి, మధ్యలో ఎవరు ఏం మార్చారో.

ఆయిల్ తీయించి చూడకుండా డబ్బివ్వకు. ఇత్తడి పొడి సన్నగా మెరిస్తే సింక్రోల అరుగుదల, అది మామూలే. ఉక్కు పెచ్చులు కనిపిస్తే మాత్రం వదిలేసి వచ్చెయ్.

బిగించేటప్పుడు అందరూ తడబడేది క్లచ్‌ని విడిపించే రిలీజ్ బేరింగ్ ఉండే కాలర్ (గొట్టం లాంటి ముక్క) దగ్గర. దాని పొడవు క్లచ్‌ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేట్‌కి సరిపోవాలి, బాక్సుకి కాదు. కొత్త బాక్సుతో పాటు వచ్చిన కాలర్‌ని నీ పాత ప్రెషర్ ప్లేట్ మీద వాడితే క్లచ్ పూర్తిగా విడవకపోవచ్చు, లేదా జారిపోవచ్చు. మళ్ళీ అంతా దించాలి. నీ క్లచ్ ఉంచుకుంటే నీ కాలరే ఉంచు. కొత్త క్లచ్ వేస్తే దాని జత కాలర్ కొను. స్పీడోమీటర్‌ని తిప్పే చిన్న పళ్ళ చక్రం కూడా డిఫరెన్షియల్‌ని బట్టి మారుతుంది, లేకపోతే ముల్లు తప్పు వేగం చూపిస్తుంది.

గేర్ ఆయిల్ జీఎల్-4 రకం పోయించు. జీఎల్-5లో గంధకం మందు ఎక్కువ, ఇత్తడి రింగులకి మంచిది కాదు.

పాత బాక్సు అమ్మకు. ఆయిల్‌తోనే మూతలు బిగించి గ్యారేజీలో ఓ మూల పెట్టు, రేపు ఈ బండి కొనేవాళ్ళు ముందు అడిగేది దాన్నే. రెండు నిష్పత్తులూ లెక్కపెట్టాక నాకు ఫోన్ చెయ్, అప్పుడు కలిసి చూసి కొందాం.

మావయ్య