గొరిల్లా కోపానికి గుర్తా?

భుజం మీద గొరిల్లా టాటూ వేయించుకోవాలని ఉంది, కానీ జిమ్ లోగోలు చూస్తే అది కోపానికి గుర్తేమో అనిపిస్తోంది అని అడిగారు. ఉద్యోగం కోసం కొన్నేళ్లు ఆఫ్రికాలోని రువాండాలో, దాని రాజధాని కిగాలీలో ఉన్నాను. అక్కడ చూసినంతలో చెబుతున్నాను: గొరిల్లా అంటే ముందు కుటుంబం, బలం ఆ తర్వాతే.

కోరలు చూపిస్తూ మీదికొచ్చే ఆ బొమ్మ వేటగాళ్ల నుంచి వచ్చింది. 1850లలో గాబన్ అడవుల్లో తుపాకీతో తిరిగిన పాల్ డు షాయూ అనే అన్వేషకుడు గొరిల్లాను భయంకరమైన రాక్షసిలా వర్ణించాడు. 1933 నాటి కింగ్ కాంగ్ సినిమాతో ఆ ముద్ర ఇంకా గట్టిపడింది. తన మందను కాపాడుకోవడానికి ఎదురు నిలిచిన జంతువును చూసి, దాని స్వభావమే అంత అని తేల్చేశారు. ఇది చాలా అన్యాయం.

రువాండాలో 2005 నుంచి క్విటా ఇజినా అనే పండుగ చేస్తున్నారు. కొత్తగా పుట్టిన గొరిల్లా పిల్లలకు పేర్లు పెడతారు. అక్కడి ఇళ్లల్లో పసిబిడ్డకు అందరూ కూడి పేరు పెట్టే ఆచారం నుంచే ఇది వచ్చింది, మన బారసాల లాంటిదే. పిల్లలు మాత్రం అడవిలో తల్లుల దగ్గరే ఉంటాయి, వేదిక మీద పేర్లు ప్రకటిస్తారు. ఈ గొరిల్లాలుండే వోల్కనోస్ నేషనల్ పార్కు పర్యాటక ఆదాయంలో పది శాతం చుట్టుపక్కల ఊళ్లకు వెళ్తుంది కాబట్టి, ఈ గౌరవం ఉత్త మాటల్లో ఆగిపోలేదు. 1980ల మొదట్లో రువాండా, ఉగాండా, కాంగో సరిహద్దుల్లోని విరుంగా పర్వతాల్లో దాదాపు 250 మిగిలిన గొరిల్లాలు 2015-16 లెక్కల నాటికి 604 అయ్యాయి.

వోల్కనోస్ పార్కులో మమ్మల్ని ఒక మంద దగ్గరికి తీసుకెళ్లారు. చూడటానికి ఇచ్చేది గంటే. వెదురు పొదల మధ్య సిల్వర్‌బ్యాక్, అంటే వీపు తెల్లబడిన పెద్ద మగది, కూర్చుని ఉంది. అడవి సెలరీ కాడ తొక్కను పళ్లతో ఒలిచి లోపలి గుజ్జు తింటోంది. ఒక పిల్ల దాని వీపు మీదికెక్కి, వెంట్రుకలు పట్టుకుని కిందికి జారి, మళ్లీ ఎక్కుతోంది. అది తల కూడా తిప్పలేదు. మా గైడ్ గొంతులోంచి గుర్రుమని మెల్లగా శబ్దం చేస్తే, అదీ అలాగే బదులిచ్చింది. ‘మా వల్ల భయం లేదు’ అని చెప్పడమట అది. అంత ఒళ్లు, అంత బలం ఉండి ఇంత ఓర్పా అనిపించింది.

బోనులో ఉన్నవాటిలోనూ ఈ గుణం కనిపించింది. 1986లో బ్రిటన్ దగ్గరి జెర్సీ దీవిలోని జూలో ఐదేళ్ల బాబు గొరిల్లాల ఆవరణలో పడి స్పృహ తప్పాడు. జాంబో అనే పెద్ద మగ గొరిల్లా మిగతావాటికీ పిల్లాడికీ మధ్య నిలబడి, వాడి వీపు నిమిరింది.

కాబట్టి టాటూ నిశ్చింతగా వేయించుకోండి. నా ఓటు పక్కన పిల్లతో కూర్చున్న సిల్వర్‌బ్యాక్‌కే. గుండె బాదుకునే భంగిమే కావాలంటే మాత్రం పిడికిళ్లు గీయించకండి, గొరిల్లా దొన్నెలా వంచిన అరచేతులతో కొట్టుకుంటుంది. ముక్కు మీది గీతలు కూడా ఏదో ఒక నిజమైన ఫొటో చూసి వేయమనండి. అవి ఏ రెండింటికీ ఒకలా ఉండవు, అడవిలో గొరిల్లాల జాడ పట్టే ట్రాకర్లు గుర్తుపట్టేది వాటితోనే.