టీవీ కామెడీయే కెరీర్ అంటున్నాడు... ఆపాలా, పంపాలా?

ప్రశ్న: మాది ఒంగోలు. మా అబ్బాయి ఇక్కడే బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి మిమిక్రీ చేస్తాడు. ఈ మధ్య కాలేజీ ఫెస్ట్‌లో వేసిన స్కిట్ వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. అప్పటి నుంచి చదువు ఆపేసి హైదరాబాద్ వెళ్తాను, టీవీ కామెడీ షోలలో ప్రయత్నిస్తాను అంటున్నాడు. ఎవరో కమెడియన్ ఇంటర్వ్యూ చూశాడట, డబ్బూ పేరూ అక్కడే ఉన్నాయంటాడు. రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్ ఉన్నాయి. వాళ్ల నాన్నగారు విద్యుత్ శాఖలో పనిచేస్తారు. ఈ విషయం మీద ఇద్దరికీ మాటల్లేవు. వాణ్ని ఆపాలా, పంపాలా?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆపక్కర్లేదు. అలాగని చదువు మధ్యలో వదిలేసి బస్సెక్కాల్సిన పనీ లేదు. పట్టా చేతికొచ్చేదాకా ఒంగోలులోనే ఉండి రాయడం నేర్చుకోమనండి. హైదరాబాద్ ఎక్కడికీ పోదు.

ముందు మీ జిల్లా వాళ్లనే చూడండి. దూరదర్శన్‌లో 'ఆనందో బ్రహ్మ'తో ఇంటింటికీ తెలిసిన ధర్మవరపు సుబ్రహ్మణ్యం ప్రకాశం జిల్లా మనిషి, ప్రభుత్వోద్యోగం చేసి వచ్చినవారు. జానీ లీవర్ కుటుంబం మూలాలూ ఆ జిల్లాలోనే. ఆయన పెరిగింది మాత్రం ముంబై ధారావిలో. హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో కంపెనీ ఫంక్షన్‌లో పై అధికారులను అనుకరించి నవ్వించాడని తోటి కార్మికులు ఆ పేరు తగిలించారు. స్టేజీ షోలు ఊపందుకున్నాక, 1981లో ఫ్యాక్టరీ మానేశాడు. ఆయన చిన్నప్పుడే బడి మానేసింది ఇల్లు గడవక. మీ వాడికి ఆ ఇబ్బంది లేదు కదా! ఇక హైపర్ ఆదిది చీమకుర్తి మండలం పల్లామల్లి. బీటెక్ చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చూసి, ఆ తర్వాతే ఇటు వచ్చాడు. పశ్చిమ గోదావరికి వెళ్తే బ్రహ్మానందం అత్తిలిలో, ఎమ్మెస్ నారాయణ భీమవరంలో తెలుగు లెక్చరర్లుగా పనిచేసినవాళ్లే. మీ వారు ఈ విషయంలో మొండికేస్తే ఈ పేర్లు ఆయన ముందు పెట్టండి. మీ అబ్బాయి మొండికేసినా ఇవే పేర్లు పనికొస్తాయి.

ఆది 'జబర్దస్త్'లోకి వచ్చింది అదిరే అభి టీంలో రైటర్‌గా. టీం లీడర్ అయింది ఆ తర్వాత. మీ అబ్బాయికి ఈ ఒక్క సంగతి అర్థమైతే సగం గొడవ తీరుతుంది. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో ఆ షో మొదలైనప్పుడు చాలామంది ఆర్టిస్టులను చూశారు, రైటర్లను చూడలేదు. ప్రతివారం కొత్త స్కిట్ కావాలి. గొంతులు మార్చేవాళ్లు, ఆడ గెటప్ వేసేవాళ్లు, పడీ లేచీ నవ్వించేవాళ్లు ఊరికి పదిమంది దొరుకుతారు. వారం తిరిగేసరికి పేలే పంచ్‌లు పదిహేను రాసుకొచ్చేవాడు అంత తేలిగ్గా దొరకడు. సుడిగాలి సుధీర్ టీంలో ఆటో రాంప్రసాద్‌కి వచ్చిన విలువ ఆ రాతదే. వేణు యెల్దండి అదే షోలో స్కిట్లు చేసి, 2023లో 'బలగం' తీశాడు. ఆ సినిమాలో చావింట్లో కూడా నవ్వు పుట్టించాడంటే మనుషులు ఎలా మాట్లాడుకుంటారో చెవి పెట్టి విని ఉండటం వల్లే అనుకుంటాను.

రాయడం అంటే ఏమిటో చిన్న ఉదాహరణ చెప్తాను. హాస్టల్ కుర్రాడికి తండ్రి ఫోన్ చేశాడు అనుకుందాం.
"తిన్నావా?"
"తిన్నాను నాన్నా."
"బ్యాక్‌లాగులు పోయాయా?"
"నాన్నా, ముందు తిన్నది అరగనివ్వు."
ఇక్కడితో ఆగిపోవాలి. కొత్తగా రాసే పిల్లలు ఆగరు. "అసలే మెస్ భోజనం, దానికి తోడు నీ ప్రశ్నలు" అని ఇంకోటి తగిలిస్తారు. జనం నవ్వడానికి నోరు తెరిచే సమయానికి ఆ రెండో వాక్యం అడ్డొస్తుంది, నవ్వు సగంలో ఆగిపోతుంది. పైగా 'అరగనివ్వు' అన్న మాట వాక్యం మధ్యలోకి జారితే పంచ్ పడదు, చివర్లోనే ఉండాలి. మీ అబ్బాయి వైరల్ స్కిట్‌ని ఒకసారి కాగితం మీద మాటకు మాట రాయమనండి. ఎక్కడ నవ్వారో అక్కడ గీత పెట్టమనండి. గీతల మధ్య నాలుగైదు పంక్తులు ఖాళీగా కనిపిస్తే ఆ పంక్తులు కొట్టేసి మళ్లీ వేయమనండి. కాలేజీ ఫెస్ట్‌లో ప్రిన్సిపాల్ గొంతు వినగానే పడే నవ్వు ఆ ప్రిన్సిపాల్‌ని ఎరిగినవాళ్లది. అదే స్కిట్‌ని కందుకూరులో మీ చుట్టాల పెళ్లిలో వేసి నవ్విస్తే అప్పుడు లెక్క.

పేరు గురించి. టీవీలో వచ్చే పేరు చాలావరకు షోది, మనిషిది కాదు. 'ఫలానా షోలో చేసే అబ్బాయి' అంటారు తప్ప అసలు పేరు చాలామందికి తెలియదు. 2019 చివర్లో 'జబర్దస్త్' జడ్జి నాగబాబు ఆ షో వదిలి జీ తెలుగులో 'అదిరింది' షోకి వెళ్లినప్పుడు చమ్మక్ చంద్ర, వేణు, ధన్‌రాజ్, కిరాక్ ఆర్పీ లాంటి జనం మెచ్చిన లీడర్లు కూడా అటు వెళ్లారు. మనుషులు వాళ్లే, నవ్వించే తీరూ అదే. అయినా ఆ షో ఎక్కువ కాలం నడవలేదు. ఛానల్, టైం స్లాట్, జనం అలవాటు ఇవన్నీ కలిస్తేనే ఆ పేరు. ఆర్పీ తర్వాత హైదరాబాద్‌లో 'నెల్లూరు పెద్దారెడ్డి చేపల పులుసు' పెట్టాడు, దాని ముందు జనం బారులు తీరారు. టీవీ మొహం ఆ వ్యాపారానికి మొదటి రోజు గుంపును తెచ్చింది. రెండోసారి మనిషి వచ్చాడంటే మాత్రం అది పులుసు రుచి. వచ్చిన పేరును వేరేచోట పెట్టుబడిగా వాడటం తెలివైన పనే. మీవాడు ఇంటర్వ్యూల్లో ఇలాంటి సంగతులు కూడా వినాలి.

ఇక డబ్బు. యూట్యూబ్‌లో 'ఎపిసోడ్‌కి ఎవరెవరికి ఎన్ని లక్షలు' అని తిరిగే లిస్టులను దయచేసి నమ్మకండి. అసలు ఏర్పాటు ఎక్కువగా ఇలా ఉంటుంది: ప్రొడక్షన్ వాళ్లు టీం లీడర్‌తో మాట్లాడుకుంటారు, లీడర్ తన టీంలో వాళ్లకు ఇస్తాడు. కొత్తగా చేరిన కుర్రాడికి మొదట్లో దారి ఖర్చులు, భోజనం, ఎంతో కొంత చేతిలో పెట్టడం, అంతే. షూటింగ్ నెలంతా ఉండదు, ఒక షెడ్యూల్‌లో కొన్ని ఎపిసోడ్లు వరసగా తీసేస్తారు. మిగతా రోజులు ప్రాక్టీస్, దానికి పేమెంట్ ఉండదు. కాస్త మొహం తెలిశాక అసలు సంపాదన ఈవెంట్లలో ఉంటుంది. కాలేజీ ఫెస్టులు, వినాయక చవితి పందిళ్లు, తిరునాళ్లు, షాపు ఓపెనింగులు, సంగీత్‌లు. ఇంకా పేరున్నవాళ్లకు అమెరికాలో తానా, ఆటా లాంటి సంఘాల వేడుకలు. ఇవన్నీ సీజన్ పనులు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, పరీక్షల నెలల్లో కాలేజీలు పిలవవు. 2020 లాక్‌డౌన్‌లో షూటింగులూ ఈవెంట్లూ ఒకేసారి ఆగిపోయాయి. హైదరాబాద్ కృష్ణానగర్‌లో గది అద్దె మాత్రం ఆగలేదు.

మీ వారు ఉద్యోగి కాబట్టి ఇంకో లెక్క ఆయనకు వెంటనే అర్థమవుతుంది. పద్ధతిగా ఇచ్చే కంపెనీలు ఆర్టిస్టు ఫీజులో 10 శాతం ఆదాయపు పన్ను కింద ముందే (టీడీఎస్) పట్టుకుని మిగతాది ఇస్తాయి. పన్ను రిటర్న్ వేస్తేనే ఆ పట్టుకున్నది తిరిగొచ్చే అవకాశం. చేతికి నగదు తీసుకుని రిటర్న్ వేయకుండా నాలుగేళ్లు గడిపిన కుర్రాళ్లు బ్యాంకుకు వెళ్తే కారు లోన్ కూడా పుట్టదు. రెండు మూడేళ్ల రిటర్నులు చూపమంటారు. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, జబ్బు చేస్తే సెలవు జీతం లేదు. పంచ్ ప్రసాద్ కిడ్నీ సమస్యతో బాధపడుతూనే స్కిట్లు చేశాడు, తన జబ్బు మీద తనే జోకులు వేసుకున్నాడు. తోటి ఆర్టిస్టులు అండగా నిలబడటం మంచి విషయమే. కానీ మీ వాడి వైద్యం ఎవరి మంచితనం మీదా ఆధారపడకూడదు.

యూట్యూబ్ సొంతంగా చేసుకుంటాను అంటాడేమో. చేసుకోనివ్వండి, అయితే ప్రకటనల ఆదాయం మొదలవ్వాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వ్యూయింగ్ ఉండాలి. ఆ గంటలు లేకపోతే 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ రావాలి. ఒక్క స్కిట్ వైరల్ అయినంత మాత్రాన ఇది జరగదు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది వ్యూస్ చూసి డబ్బు అనుకుంటారు.

ఒక హెచ్చరిక. ఆడిషన్‌కి రిజిస్ట్రేషన్ ఫీజు, పోర్ట్‌ఫోలియో ఫీజు, 'ఛాన్స్ గ్యారంటీ' అని ఎవరైనా డబ్బు అడిగితే ఫోన్ పెట్టేయమనండి. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. ఫెస్ట్ వీడియో అంతగా తిరిగిందంటే ఇలాంటి కోఆర్డినేటర్ల ఫోన్లు ఈపాటికే వచ్చి ఉంటాయి. వాడి ఆతృతకు కారణం అదేమో, కోప్పడకుండా మెల్లగా అడిగి చూడండి.

నవ్వించే మనిషి రోజువారీ బతుకు ఎలా ఉంటుందో కూడా వాడికి తెలియాలి. కూరగాయలు కొనడానికి వెళ్తే 'అన్నా, ఒక పంచ్ వేయవా' అంటారు. జ్వరంతో క్లినిక్‌లో కూర్చున్నా పక్కవాడు సెల్ఫీ అడుగుతాడు. ఆడ గెటప్‌లు వేసే కుర్రాళ్లు వీధిలో పడే వెటకారం గురించి చాలామందే బయటికి చెప్పుకున్నారు. షోలో ఎవరితోనైనా జంటగా కనిపిస్తే థంబ్‌నెయిళ్లలో పెళ్లి కూడా చేసేస్తారు. అది మీ ఇంటి చుట్టాల దాకా వస్తుంది, తయారుగా ఉండండి.

హాస్యం విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. పొట్టి, నలుపు, లావు, నత్తి, కులం, భార్యను కొట్టడం - వీటి మీద వేసే జోకులు తొందరగా నవ్విస్తాయి, అందుకే బద్ధకస్తులు వాటి మీద పడతారు. 2021లో బతుకమ్మ, గౌరమ్మల మీద స్కిట్‌లో వచ్చిన మాటలకు హైపర్ ఆది మీద పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది, ఆయన క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అంత అనుభవం ఉన్నవాడికే అలా అయింది. మీ అబ్బాయి ఇంటి సంగతులు కూడా స్కిట్లలో పెడతాడు, ఈ పని చేసేవాళ్లంతా పెడతారు. ఏవి వాడొచ్చో, ఏవి వాడకూడదో ఇప్పుడే ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి. మీ వారికీ వాడికీ మళ్లీ మాటలు కలవడానికి ఇదే మంచి సాకు.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. మొదట ఆ రెండు బ్యాక్‌లాగులు. హాజరు 75 శాతం తగ్గకుండా చూసుకోవాలి. 65 దాకా తగ్గినా మినహాయింపు (కండోనేషన్) ఉందిలే అని ధీమాగా ఉండొద్దు. అది ఆరోగ్య కారణాలకు ఇచ్చే వెసులుబాటు, షూటింగులకు కాదు. వారానికి ఒక స్కిట్ రాయాలి, అది ఎవరో ఒకరి ముందు వేయాలి. పరిషత్ నాటకాలు, అంటే పోటీల్లో వేసే నాటకాలు, మీ ప్రాంతంలో ఇంకా బతికే ఉన్నాయి. ఏదైనా నాటక సమాజంలో చిన్న వేషం దొరికినా చేరమనండి. డైలాగ్ లేనప్పుడు వేదిక మీద ఎలా నిలబడాలో కెమెరా నేర్పదు, నాటకం నేర్పుతుంది. సెలవుల్లో పది రోజులు హైదరాబాద్ వెళ్లి ఏదైనా టీంలో రైటర్‌కి సాయంగా కూర్చోగలిగితే కూర్చోనివ్వండి, పేమెంట్ లేకపోయినా సరే.

డిగ్రీ అయ్యాక కళ మీద ఇంకా ఇంతే పట్టుదల ఉంటే రెండు దార్లు. మొదటిది చదువు: హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనూ థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సుకు డిగ్రీతో పాటు నాటకాల అనుభవం అడుగుతారు, ఇప్పుడు పరిషత్‌లో వేసిన వేషాలు అప్పుడు పనికొస్తాయి. రెండోది, హైదరాబాద్‌లోనే ఉద్యోగం చూసుకుని, సాయంత్రాలూ శని ఆదివారాలూ టీంలో రాయడం. నేనైతే రెండోదానికే ఓటు వేస్తాను. జీతం వస్తుంటే నచ్చని స్కిట్‌కి 'నేను చేయను' అనే ధైర్యం ఉంటుంది. రెండేళ్లు గడువు పెట్టుకోండి. ఆ రెండేళ్లలో రాతకు డబ్బు ఇచ్చినవాళ్లు ఎంతమంది, రెండోసారి పిలిచినవాళ్లు ఎంతమంది అని చూసుకోవాలి. వ్యూస్ ఆ లెక్కలోకి రావు.

ఇంకొక్క చిన్న పని, ఇది మీ వారికి అప్పగించండి. మీ కుటుంబ ఆరోగ్య బీమా పాలసీలో పిల్లలు ఏ వయసు దాకా ఉంటారో చూడమనండి. చాలా పాలసీల్లో అది 25 ఏళ్లు. వాడు ఏ దారి పట్టినా ఆ వయసు దాటేలోపు వాడి పేరు మీద విడిగా పాలసీ తీయించి, మొదటి రెండేళ్ల ప్రీమియం మీరే కట్టండి.