పెన్సిలుతోనే రాసుకోండి

(ఆటోనగర్ షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్లు ఇంజన్లు విప్పి బిగించిన మేస్త్రీ, కారు రేసుల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు చెప్పిన జవాబులు)

మేస్త్రీ గారూ, ఫార్ములా వన్ కొంచెం అర్థమవుతుంది. ర్యాలీ మాత్రం బుర్రకెక్కడం లేదు. ఒక్కో కారు ఒంటరిగా పోతుంటే ఎవరు ముందున్నారో ఎలా తెలుస్తుంది? ఈసారి సీజన్ మొత్తం వదలకుండా చూద్దామనుకుంటున్నాను. – ఇంజనీరింగ్ విద్యార్థి, కానూరు

బాబూ, ముందు ఒక పొడుగు పుస్తకం కొనుక్కో. కిరాణా కొట్టువాళ్లు పద్దులు రాసుకునే రకం. దాంతోపాటు ఒక పెన్సిలు. పెన్ను ఎందుకు వద్దంటున్నానో చివర్లో చెప్తాను.

ర్యాలీలో పోటీ రోడ్డు మీద కనపడదు, అంకెల్లో కనపడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పదిహేను ఇరవై స్టేజీలు ఉంటాయి. స్టేజీ అంటే జనాన్ని ఆపేసి మూసిన మామూలు రోడ్డు. కార్లు కొన్ని నిమిషాల తేడాతో ఒక్కొక్కటే బయల్దేరతాయి. అన్ని స్టేజీల టైములూ కూడితే ఎవరిది తక్కువో వాళ్లే విజేత. నీ పుస్తకంలో ఎడమపక్క పేర్లు, పైన స్టేజీ నంబర్లు వేసుకో. మొత్తం టైము రాయకు, చెయ్యి నొప్పి పుడుతుంది. మొదటివాడికీ వీడికీ తేడా ఎంతో అదొక్కటి రాయి. రెండో రోజుకల్లా ఆ గళ్లే కథ చెప్పడం మొదలుపెడతాయి.

ఒక సంగతి ముందే తెలిసుంటే సగం ర్యాలీ అర్థమైనట్టే. మట్టిరోడ్డు ర్యాలీల్లో మొదటిరోజు పాయింట్ల పట్టికలో పైనున్నవాడే ముందు బయల్దేరాలి. అది మర్యాద అనుకునేవు, శిక్ష! రోడ్డు మీది వదులు కంకరంతా ఊడ్చిపెట్టేది వాడి టైర్లే. వెనకొచ్చేవాళ్లకి గట్టినేల దొరుకుతుంది. అందుకని ఆ మొదటిరోజు ఛాంపియను ఆరో స్థానంలో ఉంటే కంగారుపడకు.

ఇక పెన్సిలు సంగతి. 2024 జూన్ 2, ఆదివారం, ఇటలీలో సార్డీనియా ర్యాలీ. ముందురోజు సాయంత్రమే ఇక్కడ ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి, ఎల్లుండి కౌంటింగు. మా అరుగు మీద చేరినవాళ్లంతా సీట్ల లెక్కల్లో ఉంటే నేను లోపల ఫ్రాన్స్ డ్రైవరు సెబాస్టియన్ ఓజియే లెక్కల్లో ఉన్నాను. ఆఖరి స్టేజీ ముందు ఆయనే ముందున్నాడు. నేను చందా కట్టిన యాప్ సరిగ్గా అప్పుడే చక్రం తిప్పుకుంటూ కూచుంది. ఇంకేం మారుతుందిలే అని ‘1. ఓజియే’ అని పెన్నుతో రాసేశాను. ఆ స్టేజీలోనే ఆయన టైరు పంక్చరైంది. ఒట్ తానక్ 0.2 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ ముక్క కూడా బొమ్మలో కాదు, లైవ్ టైమింగులో అంకె మారితే తెలిసింది. విచిత్రమేమిటంటే, 2011లో జోర్డాన్ ర్యాలీలో ఇదే ఓజియే లాత్వాలా అనే డ్రైవరు మీద గెలిచిందీ 0.2 సెకన్లతోనే. నా పుస్తకంలో సార్డీనియా పేజీలో కొట్టివేత ఇప్పటికీ అలాగే ఉంది.

ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఏడాదికి జరిగే పదమూడు పద్నాలుగు ర్యాలీలూ చూడాలని పెట్టుకోకు, మూడో నెలకే విసుగొస్తుంది. జనవరిలో మోంటే కార్లో చూడు, ఒకే స్టేజీలో పొడి తారూ మంచుగడ్డా రెండూ ఉంటాయి. కెన్యా సఫారీ అస్సలు వదలకు. నాకు దానిమీద కాస్త పక్షపాతం ఉందిలే. మన పంజాబీ రక్తం ఉన్న కెన్యా డ్రైవరు జోగిందర్ సింగ్ దాన్ని 1965, 1974, 1976ల్లో మూడుసార్లు గెలిచాడు. మొదటిసారి తోలింది కొత్త కారు కూడా కాదు, వాడేసిన వోల్వో. షెడ్డులో పనిచేసినవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

ర్యాలీలో డ్రైవరు పక్కన కూచుని పుస్తకం చదివేవాడికి రోడ్డు చూసే తీరికే ఉండదు కదా, వాడెందుకు? – బ్యాంకు ఉద్యోగి, అరండల్‌పేట, గుంటూరు

లారీ క్లీనరు ఎందుకో వాడూ అందుకే, కాకపోతే ఇతనికి ముందుచూపు ఎక్కువ. ర్యాలీకి ముందు ఇద్దరూ ఆ రోడ్డు మీద మెల్లగా రెండుసార్లు తిరిగి, ప్రతి మలుపుకీ ఒక అంకె ఇచ్చి రాసుకుంటారు. స్టేజీలో ‘ఎడమ నాలుగు, దిబ్బ దాటాక కుడి రెండు, లోపలికి కొయ్యొద్దు’ అన్నట్టు చదువుతూ పోతాడు. డ్రైవరు ఈ మలుపులో ఉండగా అతను రాబోయే మలుపు చదవాలి. ఒక్క లైను తప్పితే కారు చెట్టెక్కుతుంది. కారు లోపలి కెమెరా పెట్టినప్పుడు బొమ్మ వదిలేసి ఆ గొంతు వినండి. కారు గాల్లోకి లేచినా ఆ గొంతు లేవదు.

మా వారు రాత్రి ఒంటిగంటకి టీవీ ముందు కూచుంటున్నారు. కార్లు గుండ్రంగా తిరిగితే చూసేదేముందో మీరైనా చెప్పండి. – ఒక గృహిణి, సత్యనారాయణపురం

అమ్మా, ఒంటిగంటంటే అది అమెరికాలో జరిగే ఫార్ములా వన్ రేసు అయ్యుంటుంది. ఏడాదిలో అలాంటివి కొద్దే. యూరప్ రేసులు ఎక్కువభాగం మనకి సాయంత్రం ఆరున్నరకి మొదలవుతాయి, లాస్ వెగాస్ అయితే ఆదివారం ఇడ్లీ వేళకి వచ్చేస్తుంది. ఆయన్ని జూన్‌లో జరిగే లెమాన్స్ జోలికి మాత్రం వెళ్లనివ్వకండి. అది ఇరవై నాలుగు గంటల రేసు. శనివారం రాత్రి ఏడున్నరకి కూచుంటే ఆదివారం రాత్రి ఏడున్నరకి లేస్తారు.

చూసేదేముందంటారా? మా షెడ్డులో లారీకి ఒక చక్రం మార్చాలంటే జాకీ, పైపు రెంచి, ఇద్దరు కుర్రాళ్లు, మధ్యలో ఒక టీ. 2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ జట్టువాళ్లు తమ డ్రైవరు లాండో నోరిస్ కారుకి నాలుగు చక్రాలూ 1.80 సెకన్లలో మార్చారు. చక్రానికి నడిమధ్య ఒకే నట్టు ఉంటుంది, ఒక్కో చక్రం దగ్గర ముగ్గురు. ఒకడు నట్టు తీసి బిగిస్తాడు, ఒకడు పాతది లాగుతాడు, ఒకడు కొత్తది తొడుగుతాడు. ఈసారి మీవారి పక్కన అదొక్కటి చూసి వెళ్లి పడుకోండి.

ఎక్కువ రేసులు గెలిచినవాడు ఛాంపియన్ కాకపోవడం ఏం న్యాయం? – ట్యూషన్ మాస్టారు, బ్రాడీపేట, గుంటూరు

న్యాయం సంగతి తెలీదు గానీ లెక్క ఉంది మాస్టారూ. 1984లో ఫార్ములా వన్‌లో ఏలన్ ప్రోస్ట్ ఏడు రేసులు గెలిచాడు, నికీ లౌడా ఐదు. ఛాంపియన్ లౌడా. 72కి 71.5, అరపాయింటు తేడా! ఆ అర ఎక్కడిదంటే, మొనాకోలో వాన ముంచెత్తి రేసు మధ్యలో ఆపేశారు, సగం పాయింట్లే ఇచ్చారు. ముందున్న ప్రోస్ట్‌కి గెలుపుకొచ్చే 9 బదులు 4.5 వచ్చింది. రేసు పూర్తిగా జరిగి ఆయన రెండో స్థానానికి పడిపోయినా 6 వచ్చేది. మీ పిల్లలకి దశాంశాలు చెప్పేటప్పుడు ఈ లెక్క ఇవ్వండి.

టీవీలో కాకుండా కళ్లారా చూడాలంటే మనకి దగ్గర్లో ఏముంది? – ఇద్దరు స్నేహితులు, పటమట

హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ‘ఫార్ములా-ఈ’ రేసు జరిగింది. నేను వెళ్లాను. ఇంజన్ జబ్బు చెవితోనే కనిపెట్టే అలవాటు నాది, కరెంటు కార్లు చూసి తెల్లబోయాను. మిక్సీని ఖాళీగా తిప్పినట్టు ఒక కూత, అంతే. అయితే ఆ నిశ్శబ్దంలో టైర్లు ఈడ్చుకుపోయే చప్పుడు, బ్రేకు కరకర అన్నీ వినపడ్డాయి. జాన్ ఎరిక్ వేర్న్ గెలిచాడు. మూడోవాడిగా వచ్చిన బుయెమీకి తర్వాత జరిమానా పడి, ఆ స్థానం డా కోస్టాకి పోయింది. ఇంటికొచ్చాక పుస్తకం దిద్దాను. పెన్సిలే కాబట్టి సరిపోయింది. ఆ రేసు మరుసటి ఏడాది రద్దయింది.

ఇప్పుడు మనకి దిక్కు చెన్నై. బెంగళూరు హైవేలో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు ఉంది, జాతీయ పోటీలు అక్కడే చూడొచ్చు. పొద్దున పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి గానీ చెన్నైలో దిగరు, మీరు ట్రాకు చేరేసరికి సగం రేసులైపోతాయి. నేను ఒకసారి అలాగే వెళ్లి, టైములు మారాయని గేటు దగ్గర తెలుసుకుని, బహుమతుల ప్రదానం చూసి తిరిగొచ్చాను. ముందురోజే వెళ్లండి. గొడుగు, మజ్జిగ మర్చిపోవద్దు, ఎండ మన బెజవాడకేమీ తీసిపోదు.

అక్కడికెళ్లి కార్ల వెంట తల తిప్పుతూ కూచోకండి. ఒక మలుపు ఎంచుకుని, దానికి ముందు ఒక గుర్తు పెట్టుకోండి. గోడ మీది రంగు పట్టీ, బోర్డు, ఏదైనా సరే. ఎవరు ఆ గుర్తు దాటాక బ్రేకు వేస్తున్నారు, ఎవరు ముందే వేస్తున్నారు, అది చూడండి. నాలుగైదు ల్యాపులు గడిచాక ఒక కారు బ్రేకు వేసే చోటు మెల్లమెల్లగా వెనక్కి జరుగుతుంది. దాని టైర్లు అయిపోతున్నాయన్నమాట. కామెంటరీలో చెప్పకముందే మీకు తెలిసిపోతుంది.

రాత్రిళ్లు కనకదుర్గ ఫ్లైఓవర్ మీద కుర్రాళ్లు బైకులు తోలుతున్నారు. ఇదీ ర్యాలీయే అంటున్నాడు మా తమ్ముడు. – డిగ్రీ విద్యార్థిని, వన్‌టౌన్

మీ తమ్ముడికి రూలు తెలీదమ్మా. ర్యాలీ కార్లకి నంబరు ప్లేట్లు ఉంటాయి. స్టేజీకీ స్టేజీకీ మధ్య మామూలు రోడ్డు మీద మనలాగే సిగ్నల్ దగ్గర ఆగుతూ వెళ్లాలి. ర్యాలీవాళ్లు టైము చూసే చెక్‌పోస్టుకి నిమిషం ఆలస్యమైతే పది సెకన్ల జరిమానా. నిమిషం ముందొస్తే ఏకంగా నిమిషం! అందుకే పెద్ద పెద్ద ఛాంపియన్లు చెక్‌పోస్టు ముందు కారాపుకుని గడియారం చూస్తూ కూచుంటారు. ఈ కుర్రాళ్లని బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర నిండుగా ఒక్క నిమిషం ఆగమని చెప్పమను, చూద్దాం.