పాత లెన్సులతో కొత్త బాడీ కొంటే లాభమేనా?

ప్రశ్న: నా దగ్గర కేనన్ 70డి కెమెరా ఉంది. 18-135, 55-250 లెన్సులు వాడుతున్నాను, రెండూ ఇఎఫ్-ఎస్ రకం. మా అమ్మాయి స్టేజీ మీద డాన్స్ చేస్తుంటే తీసిన ఫొటోల్లో సగం మసకగా వస్తున్నాయి, మిగతా వాటిలో విపరీతంగా గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు). కేనన్‌దే పెద్ద సెన్సర్ ఉన్న ఆర్6 మార్క్ 2 బాడీ (లెన్సు లేకుండా కెమెరా మాత్రమే) కొందామనుకుంటున్నాను. పాత లెన్సులు అడాప్టర్‌తో (లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించే రింగు) పనిచేస్తాయట కదా, కొనెయ్యమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే వద్దండీ. మీరు పెట్టే డబ్బులో ఎక్కువ భాగం పెద్ద సెన్సర్‌కే, అంటే వెలుతురును ఫొటోగా మార్చే చిప్‌కే పోతుంది. ఆ సెన్సర్ మొత్తాన్ని మీ లెన్సులు వాడుకోలేవు.

ఇఎఫ్-ఎస్ లెన్సులు 70డిలో ఉండే చిన్న సెన్సర్ కోసం చేసినవి. అడాప్టర్‌తో చక్కగా బిగుస్తాయి, ఆటోఫోకస్ కూడా పనిచేస్తుంది. కానీ కెమెరా సెన్సర్ మధ్య భాగాన్ని మాత్రమే వాడుకుంటుంది. 24 మెగాపిక్సెళ్ల కెమెరా కొని 9 చిల్లర మెగాపిక్సెళ్ల ఫొటోలు తీస్తారన్నమాట. మీ 70డి ఇప్పుడే 20 ఇస్తోంది! వెలుతురు తక్కువున్న హాల్లో పెద్ద సెన్సర్ వల్ల రావలసిన లాభం కూడా అక్కడే పోతుంది.

నేనూ స్టేజీ ఫొటోలు తీస్తాను. డాన్స్‌లో కదలిక ఆగి కనిపించాలంటే షట్టర్ సెకనులో 500వ వంతు వ్యవధిలోనైనా తెరుచుకుని మూసుకోవాలి. చేతులు విసిరేటప్పుడు అదీ చాలదు. మీ 55-250ని పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/5.6 కన్నా తెరుచుకోదు (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత వెడల్పుగా తెరుచుకున్నట్టు). అందుకే ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుతురును కెమెరా పెంచి చూపే స్థాయి, 6400కి ఎక్కి గ్రెయిన్ వస్తోంది. దాని బదులు ఇఎఫ్ 85 ఎంఎం ఎఫ్/1.8 పెట్టి చూడండి. దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది, 6400 కాస్తా 640 దగ్గరికి దిగుతుంది. బాడీ ఒక్కటీ మార్చి ఇంత తేడా తెచ్చుకోలేరు. జూమ్ ఉండదు కాబట్టి ముందు వరుసల్లో కూర్చోవాలి. రేపు ఆర్6కి మారినా ఈ లెన్సుకు పూర్తి సెన్సర్ దక్కుతుంది.

అయితే ఎఫ్/1.8 దగ్గర ఫోకస్‌లో ఉండే మందం చాలా సన్నం. కన్ను షార్ప్‌గా ఉంటే చెవి మసకబారుతుంది. కొత్త కెమెరా అసలు బలం ఇక్కడ కనిపిస్తుంది. 70డి వ్యూఫైండర్‌లో ఉన్నవి 19 ఫోకస్ పాయింట్లే. ఆర్6 మార్క్ 2 కంటిని గుర్తుపట్టి, మనిషి ఫ్రేమ్‌లో ఎటు కదిలినా వదలదు. దీనికి అలవాటు పడ్డాక నాకు వెనక్కి వెళ్లబుద్ధి కాలేదు.

బాడీలోని స్టెబిలైజేషన్ చూసి మాత్రం కొనకండి. అది మీ చేతి వణుకును ఆపుతుంది, మీ అమ్మాయి అడుగులను కాదు. సెకనుకు 40 ఫొటోల ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఎల్ఈడీ లైట్ల కింద చారలు పడే ప్రమాదముంది. మెకానికల్ షట్టర్ ఇచ్చే 12 చాలు.

బరువు తగ్గుతుందనీ అనుకోవద్దు. 70డి 755 గ్రాములు, ఇది 670. అడాప్టర్ 110 కలిపితే పాతదానికన్నా ఎక్కువే. మీ పాత బ్యాటరీలు పడతాయి. రా ఫైళ్లు (కెమెరా మార్పులు చేయకుండా దాచే అసలు ఫొటోలు) మాత్రం సీఆర్3 రకం, పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరవకపోవచ్చు.

ముందు లెన్సు కొని, వచ్చే ప్రోగ్రాంలో 70డితోనే తీయండి. ఫొటోలను పెద్దవి చేసి చూడండి. గ్రెయిన్ తగ్గి, ఫోకస్ తప్పినవే ఎక్కువగా కనిపిస్తే అప్పుడు బాడీ మార్చండి.