పాత ఓనరే ఇంటి నుంచి పని చేయమంటే గంటకు ఎంత అడగాలి?

ప్రశ్న: మాది చిత్తూరు. ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో నాలుగేళ్లు అడ్మిన్ అసిస్టెంట్‌గా చేశాను. ఆఖరి జీతం 18 వేలు. పాప పుట్టాక మానేశాను. ఇప్పుడు పాత ఓనరు ఫోన్ చేసి, "ఇంట్లో ఉంటూనే రోజుకు మూడు గంటలు చూసిపెట్టమ్మా, నెలకు 6,500 ఇస్తా" అంటున్నారు. మెయిల్స్, ఎగుమతి కాగితాలు, రావాల్సిన బాకీలకు ఫోన్లు చేయడం, ఇదీ పని. ఫ్రీలాన్స్ వర్చువల్ అసిస్టెంట్‌గా నేను ఎంత అడగాలి? ఎక్కువ అడిగితే ఉన్న అవకాశం కూడా పోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: ముందుగా ఆ 6,500 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు, అంటే 208 గంటలు. మీ 18 వేలను 208తో భాగిస్తే గంటకు 86 రూపాయల చిల్లర. రోజుకు 3 గంటల చొప్పున 78 గంటలకు 6,750. దాన్ని కాస్త తగ్గించి 6,500 చేశారు. ఆయన మిమ్మల్ని మోసం చేయాలని వేసిన లెక్క కాదిది. పాత ఉద్యోగిని పిలిచే ప్రతి ఓనరూ ఇలాగే లెక్క వేస్తారు. కానీ ఈ లెక్క తప్పు, ఎందుకు తప్పో మీకు అంకెలతో సహా తెలిసి ఉండాలి.

మీకు 18 వేలు ఇచ్చిన రోజుల్లో మీ మీద కంపెనీ ఖర్చు 18 వేలే కాదు. జీతంలో 15 వేల దాకానే పీఎఫ్ లెక్కగట్టారనుకున్నా కంపెనీ వాటా 12 శాతం, అంటే 1,800. ఈఎస్ఐ వాటా 3.25 శాతం చొప్పున 585. కనీస బోనస్ 8.33 శాతాన్ని 7,000 మీదే లెక్కగట్టినా నెలకు 583. మొత్తం దాదాపు 21 వేలు. ఇక పనిచేసిన గంటల సంగతి. పండగలు, సెలవులు పోగా సగటున 24 రోజులు. భోజనం, టీ, కరెంటు పోవడం, లోడు లారీ కోసం ఎదురుచూడటం తీసేస్తే రోజుకు నికరంగా 6 గంటలు. అంటే 144 గంటలు. 21 వేలను 144తో భాగిస్తే గంటకు 146 రూపాయలు. రూపాయి ఇంక్రిమెంట్ లేకుండానే, మీ ఒక్కో గంట పనికి కంపెనీ అప్పట్లో పెట్టిన అసలు ఖర్చు ఇది.

ఇప్పుడు ఆ కుర్చీ, కంప్యూటర్, నెట్, కరెంటు అన్నీ మీవే. 40 వేల ల్యాప్‌టాప్‌ను నాలుగేళ్లకు సర్దితే నెలకు 830 పైచిలుకు. బ్రాడ్‌బ్యాండ్, ఫోన్ రీఛార్జ్, యూపీఎస్, కరెంటు కలిపితే మొత్తం 2 వేలకు వస్తుంది. నెలకు 50 గంటలు పని చేస్తారనుకుంటే గంటకు 40. అప్పుడు 186. బిల్లు రాయడం, డబ్బు కోసం గుర్తుచేయడం, "ఒక్క నిమిషం మాట్లాడాలి" అంటూ వచ్చే ఫోన్లు, వీటికి ఎవరూ లెక్కగట్టి ఇవ్వరు. ప్రతి గంట పనికి ఇలాంటిది పది నిమిషాలు కలిపితే గంట రేటు 217 అవుతుంది. ఈఎస్ఐ పోయింది కాబట్టి జ్వరమొస్తే ఆసుపత్రి ఖర్చు కూడా చేతి నుంచే. అందుకే 225 కంటే కిందికి దిగకండి. అడగడం 275 దగ్గర మొదలుపెట్టండి.

మూడింతలు అడిగితే ఒప్పుకుంటారా అన్నది మీ భయం. ఇక్కడే పాత ఉద్యోగులు ఎక్కువగా తడబడతారు. రేటు తగ్గించి, పని మాత్రం అలాగే ఉంచేస్తారు. మీరు రేటు కదపకండి, పని తగ్గించండి. ఆయన దగ్గరున్నది 6,500 అయితే గంటకు 275 చొప్పున 24 గంటల పని చేయండి, 6,600 అవుతుంది. ఆయన బడ్జెట్ మారలేదు. మీ 78 గంటలు 24 అయ్యాయి. ఆ 24 గంటల్లో ఏ పని పెట్టాలన్నది ముఖ్యం. కొత్తగా చేరినవాళ్లు చేయలేని పనే పెట్టాలి.

మీ విషయంలో ఆ పని ఎగుమతి కాగితాలు. ఇన్‌వాయిస్‌లో డ్రమ్ముల సంఖ్య ఒకటి, ప్యాకింగ్ లిస్టులో నికర బరువు మరొకటి ఉంటే కంటైనర్ చెన్నై పోర్టులో ఆగిపోతుంది. ఆగిన ప్రతి రోజుకూ అద్దె పడుతుంది. ఏ కొనుగోలుదారుకు లేబుల్ మీద ఏ మాట ఉండాలో, ఎవరికి సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు ఏ దేశానిదో తెలిపే పత్రం) ముందుగా స్కాన్ చేసి పంపాలో నాలుగేళ్లుగా మీ తలలో ఉంది. బేరంలో మీ బలం అదే. మెయిల్స్‌కు జవాబులు, డేటా ఎంట్రీ లాంటివి గంటకు 100 రూపాయలకు చేసేవాళ్లు దొరుకుతారు. వాటిని ముందు పెట్టి మాట్లాడితే మీ రేటు కూడా అక్కడికే జారుతుంది.

మొదటి ఫోన్‌లో అంకె చెప్పకండి. ఆయన ఎంత తొందరపెట్టినా "పని వివరం చూసుకుని ఎల్లుండి రాసి పంపిస్తాను సార్" అనండి. ఆ ఫోన్‌లో అడిగి తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. నెలకు ఎన్ని కన్‌సైన్‌మెంట్లు (విడతల సరుకు) వెళ్తున్నాయి? ఇప్పుడు ఆ కాగితాలు ఎవరు చూస్తున్నారు? ఈ మధ్య ఎక్కడ ఇబ్బంది వచ్చింది? ఆఖరి ప్రశ్నకు ఆయన ఇచ్చే జవాబు జాగ్రత్తగా రాసుకోండి. తర్వాత మీ ప్రతిపాదనలో మొదటి వాక్యం అదే అవుతుంది.

రెండు రోజులకు వాట్సాప్‌లో కాకుండా మెయిల్‌లో ఇలా పంపండి:

"సార్, నమస్కారం. ఎగుమతి కాగితాలు ఆలస్యమవుతున్నాయని చెప్పారు. ఆ బాధ్యత నేను తీసుకుంటాను. నెలకు 24 గంటలైతే కాగితాలు మాత్రమే, 6,600. 40 గంటలైతే కాగితాలు, కొనుగోలుదారుల మెయిల్స్, 10,400. 60 గంటలైతే వీటితోపాటు బాకీల ఫాలోఅప్ కూడా, 14,700. జూన్, జూలై నెలలకు విడిగా మాట్లాడుకుందాం. ఏది వీలో చెప్పండి, 1వ తేదీ నుంచి మొదలుపెడతాను."

గంటలు పెరిగేకొద్దీ రేటు 275, 260, 245 అని కొద్దికొద్దిగా దిగింది చూడండి. తగ్గింపు కావాలంటే ఎక్కువ పని ఇవ్వాలని ఆయనకు దీన్నిబట్టే తెలుస్తుంది. పంపాక మూడు రోజులు ఊరుకోండి. ఆయన జవాబు ఇవ్వకముందే "పోనీ తగ్గిస్తాలెండి సార్" అని మెసేజ్ పెట్టడం వల్లే బేరం సగం చెడుతుంది.

ఆయన అనబోయే మాటలు కూడా ముందే ఊహించుకోవచ్చు. "నువ్వు మన మనిషివి కదమ్మా" అంటారు. "అందుకే సార్, నేర్పించే పని లేకుండా మొదటి రోజు నుంచే చేయగలను" అనండి. "కొత్త పిల్ల 15 వేలకు రోజంతా ఉంటుంది" అంటే వాదించకండి. ఆ 15 వేలకు పీఎఫ్, ఈఎస్ఐ కలిపితే 17,300 దాకా అవుతుందని, పైగా ఒక సీజన్ నేర్పాలని ఆయనకూ తెలుసు. "రోజంతా మనిషి కావాలంటే అదే మంచిది సార్, కాగితాలు మాత్రం నేను చూస్తాను, ఆ అమ్మాయికి పని కూడా నేర్పిస్తాను" అంటే చాలు. "ఇంట్లో కూర్చునే కదా" అంటే నొచ్చుకోవద్దు. "గంటల లెక్క ప్రతి శనివారం పంపిస్తాను సార్" అని మాట పనిమీదికి తిప్పండి. ఒక నెల చూద్దామంటే సరేననండి, కానీ అదే రేటుకు, 24 గంటలకే. ట్రయల్ పేరుతో తగ్గించిన రేటు తర్వాత పెరగదు.

సీజన్ గురించి ఇంకాస్త చెప్పాలి. మన జిల్లాలో తోతాపురి కోతలు జూన్, జూలైలో ముమ్మరంగా ఉంటాయి. ఫ్యాక్టరీ రాత్రింబవళ్లు నడుస్తుంది. రైతుల తూకం చీటీలు, లారీలు, చెల్లింపులు, అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. ఏడాది పొడవునా ఒకే ధరకు ఒప్పుకుంటే ఆ రెండు నెలల్లో మీ 24 గంటలు 80 అవుతాయి. అందుకే మాట్లాడుకున్న గంటలు దాటితే గంటకు పావు వంతు ఎక్కువ, అంటే 275కు బదులు 345 అని ముందే రాయించుకోండి. రాత్రి 8 తర్వాత, ఆదివారం పని ఉంటే దానికీ అదే రేటు. మిగిలిపోయిన గంటలు వచ్చే నెలకు మాత్రమే వెళ్తాయి, ఆపైన రద్దు. ఇది రాయకపోతే ఆరు నెలల గంటలన్నీ పోగుచేసి జూన్‌లో అడుగుతారు.

"ఉదయం 10 నుంచి 1 దాకా ఆన్‌లైన్‌లో ఉండు" అంటే ఒప్పుకోకండి. చిన్న పాపతో అది కుదరదు, పైగా అది పాత ఉద్యోగాన్నే పీఎఫ్ లేకుండా చేయడం. "12 లోపు వచ్చిన పని అదే రోజు సాయంత్రానికి, తర్వాత వచ్చింది మర్నాడు" అన్న మాట మీద ఉండండి. గంటలు రాసుకోవడానికి క్లాకిఫై లాంటి ఉచిత యాప్ వాడొచ్చు, గూగుల్ షీట్ అయినా చాలు.

డబ్బు ప్రతి నెలా 5వ తేదీలోపు ముందుగా రావాలి. అలా కుదరదంటే సగం ముందు, సగం నెలాఖరుకు. మీ బిల్లులో నంబరు, తేదీ, పాన్, గంటలు, బ్యాంకు వివరాలు ఉండాలి. ఏడాదికి 20 లక్షలు దాటేదాకా సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి బిల్లులో జీఎస్టీ వేయకండి. ఏడాదికి ఫీజు 50 వేలు దాటితే వాళ్ల అకౌంటెంట్ 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపన్ను) పట్టే అవకాశం ఉంది. 10,400కు 9,360 వచ్చిందని కంగారుపడొద్దు. ఆ 1,040 మీ పాన్ మీద జమవుతుంది. అది ఆదాయపన్ను పోర్టల్‌లో మీ పేరున కనిపిస్తోందో లేదో మూడు నెలలకోసారి చూసుకోండి. ఆదాయపన్ను కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు కాబట్టి రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది. పాన్ ఇవ్వకపోతే మాత్రం 20 శాతం పడుతుంది.

ఆధార్, పాన్‌లతో ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) చేయించుకోండి. ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం, డబ్బు అడిగే సైట్లకు వెళ్లకండి. సూక్ష్మ సంస్థగా నమోదైతే రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోపు మీ డబ్బు ఇవ్వాల్సిందే. గడువు దాటిన బాకీని, చెల్లించేదాకా, కంపెనీ తన ఆదాయపన్ను లెక్కల్లో ఖర్చుగా చూపించుకోలేదు. ఓనరుకు మీరు చెప్పక్కర్లేదు. బిల్లు మీద ఉద్యం నంబరు వేయండి, వాళ్ల ఆడిటరే చెబుతారు.

పాత మనిషి అన్న నమ్మకంతో బ్యాంకు పాస్‌వర్డ్, ఓటీపీ, డిజిటల్ సంతకం మీ చేతికి ఇవ్వబోతారు. తీసుకోకండి. నెట్ బ్యాంకింగ్‌లో ఎంట్రీ మాత్రమే వేయగల మేకర్ లాగిన్ అడగండి, ఆమోదం ఆయన చేతిలోనే ఉండాలి. సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్ పోర్టల్‌లో మీకు విడిగా సబ్ యూజర్ లాగిన్ పెట్టే వీలుంది, అది చాలు. రేపు ఒక చెల్లింపు తప్పు ఖాతాకు వెళితే ముందు అడిగేది పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందనే.

కొత్త ఒప్పందం మాట్లాడే ముందు పాత లెక్క తేలిందో లేదో చూసుకోండి. రావాల్సిన సెలవుల డబ్బు, బోనస్, రిలీవింగ్ లెటర్ వచ్చాయా? పీఎఫ్ పోర్టల్‌లో మీరు మానేసిన తేదీ నమోదైందా? కాకపోతే చివరి జమ తర్వాత రెండు నెలలు దాటాక మీరే వేసుకోవచ్చు. ఇవి తేలకుండా కొత్త పని మొదలుపెడితే పాత బాకీ కొత్త రేటులో కలిసిపోతుంది.

వేరే గుజ్జు ఫ్యాక్టరీకి పని చేయొద్దని ఆయన అడగొచ్చు. ధరలు, కొనుగోలుదారుల పేర్లు బయటికి చెప్పనని రాసివ్వండి, అది న్యాయమే. ఇంకెవరికీ పని చేయకూడదంటే మాత్రం 60 గంటల ప్యాకేజీ తీసుకున్నప్పుడే. 24 గంటలు ఇచ్చేవారికి మీ మిగతా నెల మీద హక్కు ఉండదు. తిరుపతి లాడ్జీలు, ట్రావెల్స్ ఆఫీసులు, బెంగళూరు చిన్న కంపెనీలకు కూడా ఇలాంటి మనిషి అవసరం ఉంటుంది. రెండో క్లయింటును మూడు నెలల్లోపు వెతుక్కోండి.

మూడు ప్యాకేజీలూ వద్దంటే ఒక్కో కన్‌సైన్‌మెంట్ కాగితాల సెట్‌కు ఇంత అని చెప్పండి. సెట్‌కు మీకు నాలుగు గంటలు పడితే 1,100. నెలవారీ ఒప్పందం అక్కర్లేదు, కాగితాలు పంపిన రోజే డబ్బు. నెలకు కట్టుబడలేని ఓనరు కూడా కంటైనర్ బయల్దేరే ముందు ఈ రేటుకు ఒప్పుకునే అవకాశం ఎక్కువ.