సమానత్వం కోసం వాదించిన తొలి రచయిత్రుల గురించి రాయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. నువ్వు పంపిన వ్యాస ప్రణాళిక రెండుసార్లు చదివాను. పదహారు, పదిహేడు శతాబ్దాలలో స్త్రీ పురుషుల సమానత్వం గురించి కలం పట్టిన ఐరోపా రచయిత్రులను తెలుగు పాఠకులకు పరిచయం చేయాలన్న నీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. అయితే పన్నెండు మందిని ఒకే వ్యాసంలోకి తెచ్చి, తలా ఒక పేరా ఇచ్చి, అందరూ తమ కాలానికంటే ముందు పుట్టినవారని మెచ్చుకుని ముగించాలన్న పథకాన్ని మాత్రం మార్చుకో. అలా రాస్తే పాఠకుడి దగ్గర పేర్లూ సంవత్సరాలూ మిగులుతాయి గాని, వాళ్లు ఏమని వాదించారో, ఆ వాదం ఎందుకంత కష్టమైనదో తెలియదు. నలుగురైదుగురు చాలు. వారిలోనూ ఒకరిని నడుమ నిలబెట్టి, మిగిలినవారిని ఆమెకు అటూ ఇటూ చూపించు. ఆ ఒక్కరు ఫ్రెంచి రచయిత్రి మరీ ద గుర్నే కావాలని నా అభిప్రాయం. కారణం ముందు ముందు చెబుతాను.

రాయడానికి కూర్చునే ముందు ప్రతి పుస్తకం ఎవరికి జవాబుగా వచ్చిందో తెలుసుకో. ఈ గ్రంథాలలో చాలావరకు ప్రత్యుత్తరాలే. వెనిస్‌లో 1599లో జుసెప్పె పాస్సి అనే ఆయన స్త్రీల దోషాలను ఏకరువు పెడుతూ ఒక లావుపాటి పుస్తకం అచ్చు వేయిస్తే, మరుసటి ఏడాదే లుక్రెత్సియా మరినెల్లా స్త్రీల ఔన్నత్యాన్ని స్థాపిస్తూ, పనిలో పనిగా పురుషుల దోషాలను కూడా అధ్యాయాల వారీగా లెక్కగడుతూ తన గ్రంథం తెచ్చింది. లండన్‌లో 1615లో జోసెఫ్ స్వెట్నమ్ ఆడవాళ్లను దుమ్మెత్తిపోస్తూ ఒక కరపత్రం రాస్తే, 1617లో రేచెల్ స్పెగ్ట్ అనే ఇరవై ఏళ్లయినా దాటని పిల్ల తన సొంత పేరుతో దానికి సమాధానం అచ్చువేసింది. ఆరోపణ ఏమిటో చెప్పకుండా సమాధానం మాత్రమే చూపిస్తే, వీళ్లు ఈవ్ గురించీ, ఆడం పక్కటెముక గురించీ, శరీరంలో వేడి పాళ్ల గురించీ అన్ని పేజీలు ఎందుకు ఖర్చు చేశారో నేటి పాఠకుడికి అంతుపట్టదు. స్త్రీ అసంపూర్ణంగా తయారైన పురుషుడని అరిస్టాటిల్ చెప్పిన మాట, ఆడవారి దేహం చల్లనిది, తేమగలది గనుక బుద్ధి మందమన్న వైద్యుల మాట, ఆనాటి విశ్వవిద్యాలయాలలో పాఠాలుగా నడిచేవి. మరినెల్లా ఒక వైద్యుడి కూతురు. ఆమె ఆ సిద్ధాంతాన్ని కొట్టిపారేయలేదు. వేడి మితంగా ఉన్న దేహమే ఆత్మ చేసే పనులకు అనువైనదని, కాబట్టి ఆ లెక్కన స్త్రీయే మేలైనదని, అరిస్టాటిల్ నేర్పిన తర్కంతోనే అరిస్టాటిల్‌ను మడత పెట్టింది. ఆ పేజీలు చదువుతుంటే నాకు నవ్వూ వచ్చింది, గౌరవమూ కలిగింది.

రెండో సంగతి, ఎవరు సరిగ్గా ఏమి కోరారో విడివిడిగా చూపించు. 'వీరంతా సమానత్వం కోరారు' అని నీ ప్రణాళికలో ఒకే వాక్యంలో తేల్చేశావు. అది నిజం కాదు. మరినెల్లా కోరినది సమానత్వం కాదు, ఆధిక్యం. అంతకు ముందు రెండు వందల ఏళ్లుగా, 1405 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో క్రిస్టీన్ ద పిజాన్ అనే రచయిత్రి రాసిన కాలం నుంచీ, స్త్రీ పక్షం వహించినవారు ఎక్కువగా స్త్రీయే గొప్పదని తిరగేసి చెబుతూ వచ్చారు. అది ఒక సాహిత్య క్రీడగా కూడా మారి, పండితులైన మగవాళ్లు సైతం తమ వాక్చాతుర్యం చూపించుకోవడానికి రాసేవారు. అందువల్ల ఎంత గట్టిగా వాదించినా, చమత్కారంగా ఉందని తల ఊపి పక్కన పెట్టడం అవతలివారికి సులువయ్యేది.

గుర్నేను నడుమ పెట్టమన్నది ఇందుకే. 1622లో ఫ్రాన్స్ రాణి ఆన్‌కు అంకితమిస్తూ ఆమె ప్రకటించిన చిన్న గ్రంథం పేరే స్త్రీ పురుషుల సమానత్వం. మొదటి వాక్యాలలోనే, స్త్రీల పక్షం వహించేవారు చాలామంది ఆధిక్యాన్ని అటునుంచి ఇటు తిప్పుతున్నారని, అతివాదాలన్నిటికీ దూరంగా ఉండే తనకు స్త్రీలను పురుషులతో సమానం చేస్తే చాలునని, ఈ విషయంలో ప్రకృతి ఎక్కువకూ తక్కువకూ రెండింటికీ విరుద్ధమని చెబుతుంది. మనుషులలో ఆడా మగా భేదం సంతానం కోసమే గాని సారంలో ఇద్దరూ ఒకటేనని వాదిస్తూ, కిటికీలో కూర్చున్న మగపిల్లిని అంతగా పోలినది కిటికీలో కూర్చున్న ఆడపిల్లి తప్ప మరొకటి లేదన్న సామెతలాంటి మాట వేస్తుంది. ఆ పిల్లి వాక్యాన్ని నీ వ్యాసంలో తప్పక ఉంచు. ఆమె గొంతు ఎలాంటిదో అక్కడ తెలుస్తుంది.

అదే గ్రంథంలో నీకు ఇబ్బందిగా తోచే చోటు ఒకటి ఉంది, దాన్ని దాటవేయకు. తన పక్షాన్ని హేతువులతో నిరూపించబోనని, మొండివారు వాటిని కాదంటారని, ఉదాహరణలతో కూడా నిరూపించబోనని, అవి మరీ మామూలై పోయాయని, కేవలం దేవుడు, చర్చి పితరులనే తొలినాటి క్రైస్తవ గురువులు, లోకానికి వెలుగైన మహాపురుషుల ప్రమాణంతోనే నిరూపిస్తానని ఆమె అంటుంది. ఆ తరువాత ప్లేటో, ప్లూటార్క్ మొదలైనవారి మాటలు వరుసగా వస్తాయి. స్వతంత్ర బుద్ధిని సమర్థించడానికి మగ పండితుల సాక్ష్యమా అని నువ్వు విసుక్కోవచ్చు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించడానికి ముందు శాస్త్ర ప్రమాణాలు చూపుతూ పండితులతో ఎంత వాదించారో గుర్తు తెచ్చుకో. ఎదుటివాడు కాదనలేని గ్రంథాన్నే తెచ్చి అతని ముందు తెరవడం వాదనలో పాతకాలపు గట్టి ఎత్తు. ఇంతా చేసి గుర్నే తన మాట మీద పూర్తిగా నిలబడదు కూడా. స్త్రీలు విద్యలో వెనుకబడడానికి చదువు చెప్పకపోవడం తప్ప మరో కారణమేదీ అక్కరలేదన్న హేతువును నడుమ గట్టిగానే వినిపిస్తుంది. లాటిన్ మూలాలను ఫ్రెంచి అనువాదాల పక్కన పెట్టుకుని ఒంటరిగా ఆ భాష నేర్చుకున్న మనిషి ఆమె. ప్రసిద్ధ ఫ్రెంచి వ్యాసకర్త మాంటేన్ మరణించాక 1595లో ఆయన వ్యాసాల కూర్పును అచ్చుకు సిద్ధం చేసినదీ ఆమెయే. చదువు అందకపోవడం అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

1626లో అచ్చయిన ఆమె మరో చిన్న రచన స్త్రీల మనోవ్యథ గురించినది. పండితసభలో ఒక స్త్రీ ఎంత బలమైన వాదం చెప్పినా, ఎదుట ఉన్నవాడు ఒక చిరునవ్వుతోనో తల ఊపుతోనో 'మాట్లాడుతున్నది ఆడమనిషి' అన్నట్టు చూస్తే చాలు, జవాబు చెప్పినట్టేనని ఆమె అందులో రాసింది. పెళ్లి చేసుకోకుండా, అంతంతమాత్రపు రాబడితో, రాతనే నమ్ముకుని 1645 వరకు బతికిన గుర్నేను పారిస్‌లో ఎగతాళి చేసినవారికి కొదవ లేదు. ఆ నేపథ్యం రెండు వాక్యాలలో చెప్పి, ఆ చిరునవ్వు భాగం మొత్తం తెలుగులో ఇవ్వు. మన సెమినార్లకు వెళ్లే ఆడపిల్లలకు వ్యాఖ్యానం అవసరం రాదు.

వెనిస్ రచయిత్రి మొదెరాతా ఫోంతె గురించి రాసేటప్పుడు ఆమె ఎంచుకున్న సంభాషణ రూపాన్ని మరచిపోవద్దు. అసలు పేరు మొదెస్తా పొత్సో. 1592లో ప్రసవ సమయంలో మరణించింది. పుస్తకం 1600లో వెలువడింది. వెనిస్‌లో ఒక తోటలో ఏడుగురు స్త్రీలు, వారిలో వితంతువులు, వివాహితలు, అవివాహితలు, మగవాళ్లెవరూ లేనిచోట రెండు రోజులు మాట్లాడుకుంటారు. కొందరు పురుషులను నిందించాలి, కొందరు సమర్థించాలి అని పక్షాలు పంచుకుంటారు. కట్నం పోసి మగవాణ్ణి తెచ్చుకుని అతనికే దాసి కావడం కంటే, ఆ డబ్బుతో ప్రతి పండక్కీ ఒక మంచి పందిని కొనుక్కోవడం మేలన్న మాట ఆ తోటలోదే. రెండో రోజు సంభాషణ చేపలు, పక్షులు, మూలికలు, వైద్యం వైపు సాగుతుంది. దారి తప్పిందని చాలామంది ఆ భాగం వదిలేస్తారు. నువ్వు వదలకు. తమకు నిషేధించిన విద్యలన్నిటినీ ఆ స్త్రీలు అక్కడ తమలో తాము నేర్పుకుంటున్నారు. మొదటి రోజు వాదానికి రుజువు ఆ రెండో రోజే.

కట్నం మాట వచ్చింది కనుక ఆర్కాంజెలా తరబొత్తికి కొంత చోటు ఇవ్వు. వెనిస్ కులీన కుటుంబాలలో కట్నాలు అడ్డూ ఆపూ లేకుండా పెరిగిపోవడంతో, ఒక కూతురికి పెళ్లి చేసి మిగిలినవారిని తక్కువ ఖర్చుతో కన్యకామఠాలకు పంపేవారు. తరబొత్తిని బాల్యంలోనే సాంతాన్నా అనే మఠంలో చేర్చారు, 1652లో పోయేవరకూ ఆమె అక్కడే ఉంది. తండ్రుల దౌర్జన్యం మీద ఆమె రాసిన గ్రంథం ఆమె మరణానంతరం 1654లో పేరు మార్పుతో వెలువడి, రోమ్ చర్చి నిషేధిత గ్రంథాల పట్టికకెక్కింది. స్త్రీలకు మనుష్య జాతిలో చోటు లేదన్న కరపత్రానికి 1651లో ఆమె ఇచ్చిన జవాబు కూడా ఉంది. తెలుగు పాఠకుడు ఈమె దగ్గర అందరికంటే త్వరగా ఆగి చదువుతాడు. పుస్తకాన్ని కదిలించినది తత్త్వవిచారం మాత్రమే కాదని, ఇంటి లెక్కల పుస్తకం కూడా అని చెప్పడానికి అది మంచి అవకాశం.

నచ్చని విషయాలను దాచకు. ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో 1636 నుంచి తెర చాటున కూర్చుని పాఠాలు విన్న అన్నా మరియా వాన్ షూర్మన్, 1641లో స్త్రీవిద్యను సమర్థిస్తూ వరుస తర్కవాక్యాలతో గ్రంథం రాసింది గాని, తీరికా ఆస్తీ ఉన్న స్త్రీలనే దృష్టిలో పెట్టుకుంది. పనిమనిషి ఆ తర్కంలో ఎక్కడా లేదు. మరినెల్లా 1645లో, ముసలితనంలో, స్త్రీలు ఇంటిపట్టున ఉండి కీర్తి కాంక్ష వదలాలని హితవు చెబుతూ మరో పుస్తకం వేసింది. అది మనసులో మాటా, వ్యంగ్యమా అని పండితులు నేటికీ వాదించుకుంటున్నారు. నువ్వు తీర్పు చెప్పనక్కరలేదు, రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టు. ఇంగ్లాండు రచయిత్రి మేరీ ఆస్టెల్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పురుషులందరూ స్వతంత్రులుగా పుడితే స్త్రీలందరూ బానిసలుగా పుట్టడం ఎలా అన్న ఆమె 1706 నాటి ప్రశ్నను అందరూ ఉదాహరిస్తారు. ఆమె రాజభక్తురాలని, ప్రజలు రాజును ఎదిరించవచ్చన్న వాదం ఆమెకు గిట్టదని, రాజు నిరంకుశత్వాన్ని ఖండిస్తూ ఇంట్లో అదే అధికారం చలాయించే పెద్దమనుషులను వారి మాటతోనే పట్టుకోవడానికి ఆ ప్రశ్న వేసిందని చెప్పేవారు తక్కువ. అది చెబితే ప్రశ్న పదును పెరుగుతుందే గాని తగ్గదు.

మరో రెండు చిన్న మాటలు. స్వెట్నమ్‌కు జవాబిచ్చినవారిలో స్పెగ్ట్ తప్ప మిగిలిన రెండు స్త్రీ నామాలు మారుపేర్లు. వాటి వెనుక ఉన్నది స్త్రీలే అని రాసేయకు. ఇక తెలుగువారితో పోలిక కావాలనుకుంటే బండారు అచ్చమాంబగారి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' దగ్గరికి వెళ్లు. స్త్రీలకు బుద్ధిబలం లేదన్న వారికి ఉదాహరణల రాశితో జవాబు చెప్పడం ఆ ఐరోపా గ్రంథాల పద్ధతికి నిజంగానే దగ్గర. ముద్దుపళనిని మాత్రం ఇందులోకి లాగకు. ఆమె తన కవిత్వ గౌరవాన్ని తాను చాటుకున్న తీరు గొప్పదే, అయినా సమానత్వ వాదం రాయడం వేరే పని.

ఆంగ్లానువాదాలకు చికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం 'ది అదర్ వాయిస్' అనే వరుసలో తెచ్చిన సంపుటాలు వెతుకు. గుర్నే, ఫోంతె, మరినెల్లా ముగ్గురూ అందులో ఉన్నారు, పీఠికలు నమ్మదగినవి. 1792లో స్త్రీల హక్కుల గురించి పుస్తకం రాసిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ దాకా పరుగెత్తకుండా ఆస్టెల్ దగ్గర ఆపెయ్యి. ఫ్రెంచి విప్లవం వచ్చాక వాదానికి ఆధారాలే మారిపోతాయి, దానికి మరో వ్యాసం కావాలి. ముందు గుర్నే భాగం ఒక్కటి రాసి, ఆంగ్లం నుంచి తెచ్చుకున్న వాక్యాల పక్కన పేజీ సంఖ్యలు వేసి పంపు. దసరా సెలవుల్లోపు చదివి తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ