క్షమాపణ దొరికాక బాకీ ఎందుకు?

ప్రశ్న: ఒకాయన దాచమని ఇచ్చిన 20,000 రూపాయలు వాడేసుకుని, అసలు ఇవ్వనేలేదని బొంకాను. తర్వాత బాప్తిస్మం తీసుకున్నాను. పాపాలు పోయాయి కదా, ఇప్పుడు చెప్పాలా?
– ఒక పాఠకుడు

జవాబు: చెప్పాలి, కట్టాలి. దేవుడు క్షమించింది మీ పాపాన్ని, దాచమన్నాయన డబ్బు ఇంకా మీ దగ్గరే ఉంది. దాచమన్న సొమ్ము విషయంలో బొంకడం గురించి బైబిల్లో లేవీయకాండము 6వ అధ్యాయం సూటిగా మాట్లాడుతుంది: అసలుతోపాటు అయిదో వంతు. అంటే 24,000. పన్నులు వసూలు చేసే జక్కయ్య అయితే అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8). అది ఆయన ఉత్సాహం, మీకు లెక్క కాదు.

ముందు మీరే వెళ్లండి, పాస్టరుగారిని పంపకండి. "అబద్ధమాడాను" అనండి. "సాతాను చేయించాడు" అన్నారో, ఆదాము హవ్వ మీదికి నెట్టినట్టే. ఒకేసారి కట్టలేకపోతే నెలకు 2,000 చొప్పున ఏడాది. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే: కన్నీళ్లలో నెలకు 5,000 కడతామని ఒప్పుకుంటారు, మూడో నెలకు మొహం చాటేస్తారు. కట్టిన ప్రతిసారీ తేదీతో రాయించి సంతకం తీసుకోండి. ఆయన లేకపోతే వారసులకు ఇవ్వండి. కానుక పెట్టెలో వేస్తే ఆ బాకీ తీరదు.